చేతులు మారిన భాగవతం: తాళపత్ర ప్రతుల ఇచ్చిపుచ్చుకోలు – ఒక పరిశీలన

గ్రంథపరిష్కరణ చర్చల్లో లేఖకుడు ఎక్కువగా పాఠదోషాలకు కారకుడిగానే కనిపిస్తాడు. అయితే బంధువుల ఇంటినుంచో మిత్రుని వద్దనుంచో ప్రతిని తెచ్చుకొని తనకోసం రాసుకొన్నవాడు లేఖకుడే కాదు, ఆ గ్రంథాన్ని ప్రేమించిన పాఠకుడు కూడా. అచ్చుకు పూర్వం పుస్తకాన్ని పంచుకోవడమంటే చాలావరకు దాన్ని తిరిగి రాయడమే. పోతన భాగవతాన్ని ఆధారంగా చేసుకొని ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తాటాకుపై గంటంతో గీసిన అక్షరం మసి పూస్తేగాని స్పష్టంగా కనిపించదు. ఆకులకు రంధ్రాలు చేసి, తాడు గుచ్చి, రెండు చెక్కల మధ్య బిగించాలి. పన్నెండు స్కంధాల గ్రంథాన్ని ఇలా రాసుకోవడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. గజేంద్రమోక్షం, ప్రహ్లాదచరిత్ర, రుక్మిణీకల్యాణం వంటి ఘట్టాలు విడిగా ప్రచారం పొందడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పెళ్ళి కావలసిన కన్యలచేత రుక్మిణీకల్యాణం పారాయణ చేయించే ఆచారం ఆ ఘట్టాన్ని ఇంటింటి అవసరంగా మార్చింది.

ప్రతుల చివర లేఖకులు రాసే సంప్రదాయ సంస్కృత శ్లోకాలు ఇక్కడ గమనింపదగినవి. చూసింది చూసినట్లు రాశానని, తప్పులుంటే తనను నిందించవద్దని లేఖకుడు వేడుకొంటాడు. నూనెనుంచి, నీటినుంచి, వదులైన కట్టునుంచి గ్రంథాన్ని కాపాడమని, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దని కోరుతాడు. వీటిని కేవలం హెచ్చరికలుగా చదవడం వాడుక. నిజానికి అపాత్రునికి ఇవ్వవద్దన్నారే గాని, ఎవరికీ ఇవ్వవద్దనలేదు. పుస్తకం చేతులు మారుతుందన్న ఎరుకే ఆ నియమానికి మూలం.

చేతులు మారకపోతే కలిగే నష్టానికి భాగవతమే నిదర్శనం. పోతన రచనలో కొంత శిథిలమైందనే సంప్రదాయం ఉంది. నేడు మనం చదివే పంచమస్కంధం గంగనది, షష్ఠస్కంధం సింగనది, ఏకాదశ ద్వాదశస్కంధాలు నారయవి. ఆ సంప్రదాయాన్ని అంగీకరిస్తే, తగినన్ని ప్రతులు వ్యాపించకముందే మూలప్రతికి హాని జరిగిందనుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి.బ్రౌన్ పలుచోట్లనుంచి ప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించగలిగాడంటే, అంతకుముందు తరాలవారు వాటిని రాసి పంచుకోవడమే అందుకు కారణం.

కాబట్టి పాఠాంతరాన్ని అపపాఠంగా తోసిపుచ్చేముందు, అది ఏ ఇంటి ప్రతిలోనిదో, ఎవరికోసం రాసిందో విచారించాలి. ఇళ్ళలో మిగిలిన తాళపత్రాలను భాండాగారాలకు చేర్చేటప్పుడు గ్రంథనామం, పత్రసంఖ్యలతోపాటు ఆ ప్రతి ఎవరినుంచి ఎవరికి వచ్చిందో కూడా సూచికల్లో నమోదు చేయాలి. ఆ వివరాలు చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి. ఆకులను తరువాతైనా చదువుకోవచ్చు. వారి జ్ఞాపకానికి మాత్రం మరో ప్రతి లేదు.