లోలాకు నడచిన దారి

లారెన్ వైస్‌బర్గర్ 2003లో వ్రాసిన 'ది డెవిల్ వేర్స్ ప్రాడా' నవల 2006లో సినిమాగా వచ్చి లోకమంతా ఆడింది. ఆ సినిమాయే పాటల నాటకమై 2022లో చికాగోలోను, చాలా మార్పులతో 2024లో ముందు ప్లిమత్‌లోను, తరువాత లండన్ నగరపు డొమినియన్ థియేటరులోను రంగమెక్కింది. సంగీతం ఎల్టన్ జాన్ సమకూర్చాడు. న్యూయార్కులో ఒక ఫ్యాషన్ పత్రిక, దానిని శాసించే సంపాదకురాలు, ఆమె వద్ద కొలువుకు చేరిన ఒక సాదాసీదా పిల్ల - ఇంతే కథ.

ఆ సినిమాలో ఒక సన్నివేశం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. రెండు బెల్టులలో ఏది మేలని పెద్దలందరూ తర్జనభర్జన పడుతుంటే, ఆ పిల్ల కిసుక్కున నవ్వుతుంది. సంపాదకురాలు కోప్పడదు. ఆ పిల్ల వేసుకున్న చవక స్వెట్టరు నీలిరంగు పుట్టుపూర్వోత్తరాలను శాంతంగా వివరిస్తుంది. ఆ రంగును కొన్నేళ్ళ క్రిందట గొప్ప దర్జీలు తలకెత్తుకున్నారు. వారినుండి పెద్ద అంగళ్ళకు, అక్కడినుండి చిన్న అంగళ్ళకు జారి, చివరకు తగ్గింపు ధరల కుప్పలో ఈ పిల్ల చేతికి చిక్కింది. నీవు ఎంచుకున్నానని అనుకుంటున్నదానిని నీకోసం మేమే ఎంచిపెట్టామన్నది ఆమె వాదన. అంటే సింగారం ఏటినీరువలె ఎగువనుండి పల్లానికి పారుతుందన్నమాట.

న్యూయార్కు సంగతి ఎలా ఉన్నా, మా ఏలూరు ప్రాంతపు నాటక, సినిమా చరిత్రను చూస్తే ఆ ఏరు ఎదురు పారిందని నాకు తోస్తుంది.

మన పద్యనాటకం కూడా పాటల నాటకమే. నటుడు ఒక పద్యాన్ని రాగం తీసి పాడితే, 'వన్స్‌మోర్' అంటూ జనం మళ్ళీ మళ్ళీ పాడించుకున్న కళ అది. ఆ రంగస్థలంపై బంగారమంటూ ఏదీ లేదు. బెండు కిరీటాలు, కాకిబంగారం, అద్దపు బిళ్ళలు, గాజుపూసలు, జిగినీ అంచుల చీరలు. వాటిపై పెట్రోమాక్సు దీపపు వెలుగు. ఎక్కడో వెనుక నేలపై కూర్చున్నవాడికి కూడా నటి ముఖం తెలియాలి. కాబట్టి రంగస్థలపు నగ ఇంటి నగకన్న పెద్దదిగా ఉండాలి, మెరవాలి, తల తిప్పినప్పుడల్లా ఊగాలి. ఈ చివరి పనికి లోలాకును మించినది లేదు. పద్యం పాడేటప్పుడు తలతోబాటు అదీ తాళం వేస్తుంది.

ఆ నగలు పెట్టుకున్నవారు ఎవరు? చాలాకాలం మగవారే. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామగా, చింతామణిగా, రోషనారాగా రంగంపైకి వస్తే ఆడవారు సైతం ఆ కట్టుబొట్టులను కన్నార్పకుండా చూచేవారట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆరంభించిన సమాజంలో మాత్రం ఆడపాత్రలను కుటుంబంలోని ఆడవారే ధరించారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) కథానాయిక సురభి కమలాబాయి ఆ కుటుంబాలనుండి వచ్చినదే. పరువుగల ఇళ్ళ ఆడవారు నాటకాలాడటమన్నది ఆనాడు ఊహకు అందని మాట. ముఖానికి రంగు వేసుకున్న స్త్రీని సంఘం వేరే కంటితో చూచేది.

పసుపులేటి కన్నాంబ ఏలూరులో పెరిగి, ఆ రంగస్థలంపైనే చంద్రమతిగా పేరు తెచ్చుకున్నారు. 1935లో 'హరిశ్చంద్ర' చిత్రంలో అదే చంద్రమతిగా తెరకెక్కారు. మరుసటి సంవత్సరం ఒక విచిత్రం జరిగింది. ఒకే కథను ఇద్దరు నిర్మాతలు పోటాపోటీగా తీశారు. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో ద్రౌపది కన్నాంబ, దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో ద్రౌపది సురభి కమలాబాయి, దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, శ్రీకృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. ఈ బందావారు పుట్టింది కొల్లేటి తీరాన, కైకలూరు ప్రక్కనున్న ఆటపాకలో. నేడు పక్షుల కేంద్రంగా అందరికీ తెలిసిన ఊరది. ఆయన ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ, ప్రభాత్ థియేటర్ అనే నాటక సంస్థను నెలకొల్పారు. కూచిపూడి నాట్యం కోసం కూడా ఎంతో పాటుపడ్డారు.

అంటే, చీర లాగబడిన ద్రౌపది ఏలూరునుండి ఒక చిత్రంలోకి వెళ్ళింది. చీరలిచ్చిన కృష్ణుడు అదే ఏలూరునుండి పోటీ చిత్రంలోకి వెళ్ళాడు. గెలిచింది కన్నాంబ చిత్రమే. ఆనాటి తెలుగు సినిమా వస్త్రాలను, రాగాలను, నటులను రంగస్థలంనుండి ఎంత నేరుగా ఎత్తుకుపోయిందో చెప్పడానికి ఇంతకన్న వేరే ఉదాహరణ అక్కరలేదు.

1938లో హెచ్.ఎం. రెడ్డి 'గృహలక్ష్మి' వచ్చింది. దానికి కూడా ఆధారం నాటకమే: సోమరాజు రామానుజరావు 'రంగూన్ రౌడీ'. ఇల్లాలుగా కన్నాంబ, ఆమె భర్తను వలలో వేసుకున్న నర్తకిగా కాంచనమాల నటించారు. ఆ కాలపు తెలుగు ఇళ్ళలో 'కన్నాంబ లోలాకులు', 'కాంచనమాల గాజులు' అని పేరు పెట్టి అడిగి ఆడవారు నగలు చేయించుకొనేవారని సినిమా చరిత్ర వ్రాసినవారు చెబుతారు. రెండు పేర్లూ జంటగానే వినబడతాయి. కథలో ఇల్లాలిని మెచ్చుకొని నర్తకిని తిట్టుకున్న ప్రేక్షకురాలే, ఇంటికి వచ్చాక కంసాలిని పిలిపించి ఇద్దరి నగలూ కావాలన్నది. మనసు నీతిని ఒకచోట దాచుకుంటుంది, ముచ్చటను మరొకచోట దాచుకుంటుంది కాబోలు!

ఇక్కడే నాకు ఆ సంపాదకురాలి ఉపన్యాసం గుర్తుకు వస్తుంది. మన లోలాకు ఏ మేడపైనుండీ దిగిరాలేదు. అది నాటకాల డేరాలో గాజుపూసలతో పుట్టింది. దీపాల వెలుగు చాలనివారి అవసరంకోసం పెద్దదయింది. వెండితెరపై ఇంకా పెద్దదయింది. అప్పుడు భాగ్యవంతుల ఇంటి పెట్టెలో నిజం బంగారమయింది. చవకనుండి ఖరీదుకు, వీథినుండి నట్టింటికి నడిచింది. ఎంచినవారు గొప్ప దర్జీలు కారు. ఊరి చివర విడిది చేసిన ఆటగాళ్ళు.

లోలాకును గడప లోపలికి పిలిచిన ఇళ్ళు, దానిని పెట్టుకున్న మనిషిని పిలవడానికి చాలాకాలం తీసుకున్నాయి. పెండ్లికూతురికి నటి నగ కావాలి; కాని మన పిల్ల నటి కాకూడదు. ఈ లెక్కను మనం ఇంకా పూర్తిగా తీర్చలేదని నా అభిప్రాయం. కన్నాంబ మాత్రం ఎవరి పిలుపుకోసమూ ఎదురుచూడలేదు. భర్త కడారు నాగభూషణంతో కలసి రాజరాజేశ్వరి పేరుతో నాటక సమాజాన్ని, ఆపైన చిత్రనిర్మాణ సంస్థను నడిపి, పదుగురికి అన్నం పెట్టారు. 1964లో కన్నుమూశారు.

మరి సినిమా తిరిగి రంగస్థలానికి ఏమిచ్చింది? 'మాయాబజార్' కథను చూస్తే తెలుస్తుంది. శశిరేఖ కథను 1936లోనే పి.వి. దాసు తెరకెక్కించాడు. కాని 1957లో కె.వి. రెడ్డి తీసినదే మన అందరి మాయాబజారు. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు నూజివీడులో పుట్టినవాడు. 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి ఆ ఊరు కూడా వచ్చింది. సింగారానికే అంకితమైన లక్ష్మణకుమారుడు రేలంగి వెంకట్రామయ్య. తాడేపల్లిగూడెంలో స్థిరపడి, రేలంగి చిత్రమందిర్ అనే సినిమాహాలు కట్టించి, 1970లో పద్మశ్రీ పొంది, 1975లో అక్కడే కన్నుమూశారు. ఆయనా తొలినాళ్ళలో రంగస్థలంపై ఆడవేషాలు వేసినవారే. ఆ సినిమాలో మాయాబజారు అంటే మిరుమిట్లు గొలిపే సరకుల అంగడి. కౌరవుల పరివారానికి అక్కడ ఓటమి ఆయుధాలతో రాలేదు, వస్తువులపై ఆశతో వచ్చింది. ఫ్యాషన్ లోకంపై మన భాషలో అంతకన్న మంచి కథ నాకు తెలియదు.

1957 తరువాత సురభివారు 'మాయాబజార్' ఆడినప్పుడల్లా ప్రేక్షకుడి మనసులో సినిమా కూడా ఆడుతూనే ఉంటుంది. శశిరేఖ అంటే సావిత్రి. ఘటోత్కచుడు అంటే ఎస్వీఆర్. లండన్ నాటకానికి వెళ్ళినవాడు మెరిల్ స్ట్రీప్‌ను వెంటబెట్టుకొని వెళ్ళినట్లే. సినిమాకు అప్పిచ్చిన రంగస్థలమే చివరకు దాని కొలబద్దకు తలవంచవలసి వచ్చింది. అయినా సురభివారు తట్టుకున్నారు. తెరలు మారడం, మాయలు జరగడం, మనుషులు గాలిలో తేలడం మన కళ్ళముందే, తాళ్ళతో, కప్పీలతో, కుటుంబంలోని పిల్లల చేతులతో జరుగుతాయి. సినిమాలోని మాయ ఒకసారి చేసి పెట్టుకున్నది. ఇక్కడి మాయ ప్రతి రాత్రీ క్రొత్తగా చేయవలసినది, ప్రతి రాత్రీ తప్పిపోగలిగినది. నాటకానికి ఈనాటికీ మిగిలిన సొంత ఆస్తి అదే. దానిని సినిమా అప్పు తీసుకోలేదు.

పండుగ రోజున మన ఇళ్ళలో ఎవరైనా పాత పెట్టె తెరచి అమ్మమ్మగారి పెద్ద లోలాకులు పెట్టుకుంటే, వాటి మోడలు ఏ అంగడిదని అడగవద్దు. ఆ మోడలు అంగడిది కాదు, డేరాది.