కరువు సీమలో తెప్ప తిరునాళ్ళు

ఈసారి ప్రత్యేక సంచికకు పడవ పందేల గురించి ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళిన సభ్యులు కొందరు అక్కడి పాతకాలపు తెరచాప పడవల పందేలు చూసివచ్చి ముచ్చటగా చెబుతున్నారట. అది ఆయన కోరికకు కారణం. వినగానే నాకు నవ్వు వచ్చింది. స్వర్ణముఖిలో మోకాలిలోతు నీళ్ళు పారితే పని మానుకుని వంతెన మీద నిలబడి చూసే ఊరు మనది. జన్మలో పడవ ఎక్కనివారు మన సంఘంలో ఎంతమందో! అయినా తీరికగా ఆలోచించగా, నీళ్ళమీద ఉత్సవాలకు మాత్రం మన ప్రాంతంలో ఏ లోటూ లేదని తోచింది. నీళ్ళు లేనిచోట ఇన్ని నీటి ఉత్సవాలు ఎలా వచ్చాయి అన్నదే ఈ వ్యాసానికి విషయం.

ముందు ఆ పందేల మాట కొంచెం చెబుతాను. వాటిని ‘రెగాటా’ అంటారు. ఆ మాట ఇటలీలోని వెనిస్ నగరానిది. నీటి కాలువలే వీధులైన నగరం కనుక వారికి పడవే బండి, పడవే పల్లకి. నేటికీ సెప్టెంబరు మొదటి ఆదివారం నాడు పాత వేషాలతో, పాత పడవలతో ఊరేగింపు తీసి, ఆ వెనుక పందేలు పెడతారు. ఇంగ్లండుకు దక్షిణాన వైట్ దీవిలోని కౌస్ పట్టణంలో 1826లో మొదలైన తెరచాప పడవల పందేలు ఇప్పటికీ ఏటేటా జరుగుతున్నాయి. ఇటువంటి చోట్లకు కొందరు తాతల కాలంనాటి కొయ్య పడవలను బాగుచేయించి తెస్తారు. చూసేవారు గట్టుమీదే ఉండిపోక తామూ ఒక పడవ ఎక్కి, పందెపు దారికి అడ్డురాకుండా పక్కగా నిలిచి చూస్తారు. గట్టుమీది నుంచి చూస్తే తెరచాపలు కొంగల బారులా కనిపిస్తాయే తప్ప ఎవరు ముందో ఎవరు వెనుకో తెలియదు.

ఆ చూసే ముచ్చట నాకు హైదరాబాదులో కొంత తీరింది. వానాకాలంలో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పందేలు జరుగుతాయి. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దగ్గరకు వెళ్ళే లాంచీలో కూర్చుని వాటిని చూశాను. లేజర్ అని పిలిచే చిన్న పడవలు అవి. పధ్నాలుగు అడుగుల లోపు పొడవు, ఒకే తెరచాప, ఒకే మనిషి. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు కనుక, ఈ పక్కకు కొంతదూరం ఆ పక్కకు కొంతదూరం మెలికలు తిరుగుతూ పోవాలి. పడవ ఒరిగినప్పుడల్లా కుర్రవాడు రెండో అంచు మీదికి ఎగిరి కూర్చుని, వెల్లకిలా వాలి బరువు సరిచేస్తాడు. చూడ చక్కని ఆట. అయితే నా కన్ను ఆట మీద ఎంత ఉందో చెరువు మీదా అంతే ఉంది. చిన్నతరహా నీటిపారుదల శాఖలో చెరువు కట్టలు కొలిచి, తూములు లెక్కపెట్టి పదవీ విరమణ చేసినవాడిని కదా! ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, ఊరి నీటి అవసరాలకు కట్టిన చెరువు అది. పందేలు, లాంచీలు అన్నీ ఆ కట్ట నీడన తరువాత వచ్చినవే.

మన వైపు సంగతీ ఇంతే. ఇక్కడ మొదట కోనేరు, తరువాత తెప్ప.

సంవత్సరం పొడవునా చూడండి. ఆరుద్రకు ముందు కపిలతీర్థంలో కపిలేశ్వరస్వామికి అయిదు రోజులు. మాఘంలో తిరుపతి గోవిందరాజస్వామికి ఏడు రోజులు. ఫాల్గుణంలో తిరుమలలో అయిదు రోజులు. చైత్రంలో కోదండరామస్వామికి మూడు రోజులు. జ్యేష్ఠంలో తిరుచానూరు పద్మసరోవరంలో అమ్మవారికి అయిదు రోజులు. అటు శ్రీకాళహస్తిలో శివరాత్రి ఉత్సవాలలో ఒకటి. ఇటు కాణిపాకంలో వినాయకచవితికి మొదలైన ఇరవై ఒక్క రోజుల వేడుక తెప్పోత్సవంతోనే ముగుస్తుంది. పల్లెల గుళ్ళు ఈ లెక్కలో లేవు.

వీటిలో తిరుమలది అందరూ ఎరిగినది. మొదటి నాడు సీతాలక్ష్మణ ఆంజనేయ సమేతుడైన రాముడు, రెండవ నాడు రుక్మిణీ సమేత కృష్ణుడు, తక్కిన మూడు నాళ్ళూ శ్రీదేవి భూదేవులతో మలయప్పస్వామి తెప్ప మీద వేంచేస్తారు. మొదటి మూడు రోజులూ మూడేసి చుట్లు, నాలుగవ రోజు అయిదు, పున్నమి నాడు ఏడు. ఇందులో పందెం లేదు, గెలుపు లేదు. గంటసేపు జరిగే ఈ ఊరేగింపులో తెప్ప నడిచే వేగం చూస్తే కౌస్ వారికి నిద్ర వస్తుంది. మనకు మాత్రం అది మరో చుట్టు తిరిగితే బాగుండుననిపిస్తుంది.

తిరుమల స్వామి పుష్కరిణి నడుమ ఉన్న నీరాళి మండపాన్ని సాళువ నరసింహుడు 1468లో కట్టించాడు. అప్పటికి ఆయన చంద్రగిరి ఏలుతున్న సామంతుడు. విజయనగర సింహాసనం ఎక్కడానికి ఇంకా పదిహేడేళ్ళు ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులు ఆ కాలంవారే. ఫాల్గుణ పున్నమి తెప్ప తిరునాళ్ళను ఆయన కీర్తించారు. తరువాత అచ్యుతరాయల కాలంలో కపిలతీర్థానికి రాతిమెట్లు, సంధ్యావందన మండపాలు ఏర్పడ్డాయి. రాజులు కట్టించారు, బాగానే ఉంది. కానీ కట్టించడం ఒక్కనాటి ఖర్చు. ఏటేటా ఉత్సవం నడవాలంటే నూనె, పూలు, బియ్యం, బెల్లం, నెయ్యి, పనివారి కూలి కావాలి. అది ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు గుడి గోడల మీదే ఉంది. తిరుమల తిరుపతి శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం తమిళం, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతాలు. దేవస్థానంలో పనిచేసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వీటి పరిశోధనకు ఎంతో శ్రమించారు. 1930వ దశకంలో దేవస్థానం వీటిని సంపుటాలుగా అచ్చువేసింది. రిటైరయ్యాక తీరిక దొరికి ఆ సంపుటాలు తిరగేశాను. భక్తి కోసం తెరిచినవాడిని ఇంజనీరింగు ఎస్టిమేటు చూసినట్టు చూడవలసి వచ్చింది!

విషయమేమంటే, దాత ఇన్ని పణాలు అని భండారానికి చెల్లిస్తాడు. దేవస్థానం ఆ సొమ్మును పెట్టెలో దాచదు. వడ్డీకీ తిప్పదు. తిరువిడయాట్టం గ్రామాలలో, అంటే దేవుడి మాన్యం ఊళ్ళలో, చెరువులు, ఏటికాలువలు త్రవ్వించడానికి, పాతవి బాగుచేయించడానికి వినియోగిస్తుంది. నీరు పారి పంట పెరుగుతుంది. ఆ పెరిగిన పంటలోంచి దాత పేర ఫలానా ఉత్సవాన, ఫలానా మండపంలో నైవేద్యం జరుగుతుంది. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు. దానికి ‘విట్టవన్ విళుక్కాడు’ అని పేరు. బర్టన్ స్టీన్ అనే అమెరికా చరిత్రకారుడు 1960లో ఈ పద్ధతిపై ఒక వ్యాసం ప్రకటించాడు. గుడి ఇక్కడ రైతుకు పెట్టుబడి పెట్టే సంస్థలా నడిచిందని ఆయన చూపించాడు. నా మటుకు నేను ఇంకో మాట అంటాను. మా శాఖ చేసిన పనే వారు చేశారు. తేడా ఏమంటే వారి పనికి కొలతపుస్తకం రాతి గోడ. అందులో దిద్దుబాటు కుదరదు.

కనుక కోనేటిలో తిరిగే తెప్పకూ, ఎక్కడో పల్లెలో చెరువు తూముకూ సంబంధం ఉంది. ఆ తూము పూడితే ఈ దీపం కొండెక్కుతుంది. ఉత్సవం కావాలన్నవాడు చెరువు బాగు కోరక తప్పదు. నీటి కరువు ఉన్న సీమలోనే ఈ ఏర్పాటు ఇంత బలంగా నాటుకోవడంలో ఆశ్చర్యం లేదు. గోదావరి గట్టున ఉన్నవాడికి ఈ ఆలోచన అంత అవసరం ఉండదు.

ఉత్సవాల కాలం కూడా ఆలోచించదగినది. మన వైపు కార్తీకం దాకా ఈశాన్య రుతుపవనం వానలు పడతాయి. మార్గశిరం నాటికి చెరువులు మొరవ పోవాలి. లేకపోతే ఆ ఏటికి ఇక ఆశ లేదు. మాఘ ఫాల్గుణాలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, కోనేరు నిండుగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. అందుకే ఈ నెలలలో తెప్పలు పెట్టారని నా ఊహ. శాస్త్రం తెలిసిన పెద్దలు వేరే కారణం చెప్పవచ్చు. నాకు తెగని చిక్కు తిరుచానూరు. జ్యేష్ఠమంటే బావులు అడుగంటే నెల. పద్మసరోవరంలో అప్పటిదాకా నీళ్ళు నిలుపుకోవడం పూర్వం ఎంత జాగ్రత్తతో కూడిన పనో, చెరువు పని చేసినవారికి తెలుస్తుంది.

నిలుపుకోలేని ఏళ్ళూ ఉన్నాయి. మా చిన్నతనంలో మా తాలూకాలోని ఒక గుడి తెప్ప నాకు బాగా గుర్తు. ఖాళీ తారు పీపాలు వెదురుబొంగులతో బిగించి, పైన పలకలు పరచి, నాలుగు అరటిచెట్లు కట్టేవారు. ఇద్దరు గెడవేస్తే, గట్టుమీది నుంచి పదిమంది తాడు పట్టేవారు. మేము పిల్లలం తాడు చివర వేలాడటానికి పోటీ పడేవాళ్ళం. వరుసగా రెండేళ్ళు వానలు పడక కోనేరు అడుగు బీటలు వారిన ఏట, పీపాలు ఎండిన మట్టి మీదే పేర్చారు. స్వామిని దానిమీద వేంచేపు చేశారు. తెప్ప కదలదు కనుక మేమే చుట్టూ తిరిగాము. ఏడు చుట్లూ పూర్తయ్యాక మా మేనత్త మట్టిని కళ్ళకద్దుకుని, "వచ్చే యేడు నువ్వు తిరుగు సామీ, మాకు కాళ్ళు నొప్పులు" అన్నది. అందరూ నవ్వారు. ఆ తరువాత చాలాసేపు ఎవరూ ఇళ్ళకు పోలేదు.

ఇది మా ఊరి వింత అనుకునేవాడిని. తమిళ దేశంలో దీనికి ‘నిలై తెప్పం’ అని పేరే ఉందని తరువాత తెలిసింది. మదురలో మన తెలుగు నాయకరాజు తిరుమల నాయకుడు పదిహేడవ శతాబ్దంలో త్రవ్వించిన పెద్ద తెప్పకుళంలో కూడా నీళ్ళు లేని సంవత్సరాలలో తెప్పను కదపకుండా నిలిపి ఉత్సవం జరిపారు. అంత కోనేటికే ఆ గతి పట్టగా మాదెంత!

నేడు పరిస్థితి మారింది. కొండమీద గోగర్భం, పాపవినాశనం జలాశయాలు, కింద కల్యాణి డ్యామ్ వచ్చాయి. తెలుగుగంగ నీళ్ళు తిరుపతికి చేరాయి. తిరుమల పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు ఖాళీచేసి, కడిగి, మళ్ళీ నింపుతున్నారు. పెద్ద కోనేళ్ళకు భయం లేదు. పల్లె కోనేళ్ళ గురించి ఆ మాట అనలేను. నీరు వచ్చే వంకలు మూసుకుపోయి, చుట్టూ ఇళ్ళు లేచి, వాన కురిసినా నిండని కోనేళ్ళు నేనే కొన్ని చూశాను.

మరొక చిన్న సంగతి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట, తడ మనతో కలిసేసరికి ఒక్క గెజిట్ కాగితంతో మనకు సముద్రమూ, పులికాటు సరస్సూ దక్కాయి! 2025 జనవరిలో ఫ్లెమింగో పండుగకు వెళ్ళి, భీమునివారిపాలెం రేవులో పడవ ఎక్కాను. దూరాన తెరచాప ఎత్తిన చేపల పడవ ఒకటి కనిపించింది. మిగతావన్నీ మోటారువే. లోతు తక్కువైన చోట మా పడవవాడు ఇంజను ఆపి గెడ తీశాడు. మా ఊరి తెప్ప మీద గెడవేసినట్టే వేశాడు. ఈ సరస్సులో కలిసే అరణియారు పిచ్చాటూరు మీదుగా వచ్చేదే, కాళంగి కూడా మన కొండల నీరే అని పక్కన కూర్చున్న కుర్రవాళ్ళకు చెప్పాను. వారు పక్షులను చూస్తూ తలూపారు.

తెప్పోత్సవం చూడదలచిన సభ్యులకు ఒక సూచన. తిరుమలలో ఉత్సవం రాత్రి ఏడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. ఆరింటికే మెట్ల మీద చేరితే మంచిచోటు దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు పైమెట్టు మీదే కూర్చోండి. కిందికి దిగడం సులువు గానీ ఆ జనంలో మళ్ళీ పైకి రావడం కష్టం. ఫాల్గుణంలో కూడా కొండమీద చలిగాలి ఉంటుంది, శాలువా మరవవద్దు. అంత దూరం పోలేనివారికి మాఘంలో గోవిందరాజస్వామి కోనేరు ఉంది. రైల్వేస్టేషను నుంచి నడిచి పోవచ్చు.