కరువు కూలి త్రవ్విన కాలువ

మైలాపూరున తిరుమయిలై స్టేషనులో రైలెక్కువారు ప్రక్కన నల్లగా నిలిచియున్న నీటిని చూచి ముక్కు మూసికొందురే గాని, ఆ కాలువను ఎవరు త్రవ్విరి, ఎందుకు త్రవ్విరి అని అడుగువారు అరుదు. అది బకింగుహాము కాలువ. మన తెలుగువారికి దానితో చుట్టరికము కలదు. ఉత్తరమున పెదగంజామునొద్ద మొదలై, నెల్లూరు సీమ తీరము వెంట వచ్చి, చెన్నపట్నము మధ్యగా సాగి, దక్షిణమున మరక్కాణము చేరు ఈ కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు ఆంధ్రదేశమునందే యున్నవి. బియ్యము, వంటచెరకు, ఉప్పు ఒకప్పుడు ఈ నీటిదారిని పడవలమీద చెన్నపట్నము చేరెడివి.

కాలువ ఒక్కసారిగా పుట్టినది కాదు. 1806లో కాక్రేను పేర వెలసిన చెన్నపట్నము–ఎన్నూరు భాగము మొదటిది. పిమ్మట అది ఉత్తరముగా పెరిగెను. కూవము, అడయారు నదులను కలుపు సుమారు ఎనిమిది కిలోమీటర్ల భాగము, అనగా మన మైలాపూరు మీదుగా పోవునది, 1877-78లో త్రవ్వబడినది. దానిని త్రవ్వించినది వర్తకలాభము కాదు, ధాత కరువు.

1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు మోసగించెను. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయెను. మరుసటి యేడును కరువు తీరలేదు. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలో సుమారు 55 లక్షలమంది చనిపోయిరని అంచనా. ధాన్యము ధర లేచి, పొలము పని పోయి, చేత కాసు లేని కూలివాడే మొదట పడిపోయెను. ఎడ్లనమ్ముకొన్న చిన్న రైతు వాని వెనుకనే నడిచెను. అట్టివారికి కూలి కల్పించుటకై దొరతనమువారు పూనిన పనులలో మన కాలువ యొకటి.

జీవితమంతయు జమాఖర్చు పద్దులు వ్రాసినవాడను గనుక నా దృష్టి ఆ కూలి లెక్కమీదికి పోయినది. 1877 ఆరంభమున భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు, ఖర్చు తగ్గింపవలెనని, కరువు పనిలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. స్త్రీలకు, పనిచేయు పిల్లలకు ఇంకను తక్కువ. పౌనన్నది అరకిలోకు లోపు. అది తిని పగలంతయు మన్ను పెకలించి, తట్టకెత్తి, గట్టున పోయవలెను. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిషు దీనికి ఎదురు తిరిగెను. ధాన్యము ఒకటిన్నర పౌనుకు తగ్గరాదనియు, పప్పును కూరలును ఉండవలెననియు వాదించెను. మార్చిలో మద్రాసు ప్రభుత్వము ఆ రెంటి నడుమ, ఒకటింబావు పౌనునొద్ద నిలిచి, కొంచెము పప్పు చేర్చెను. పావు పౌను గింజలకై కచేరీల నడుమ నడచిన ఈ వ్రాతకోతలలో ఎందరి ప్రాణములు వ్రేలాడెనో! ఖజానా పొదుపు అధికారి ధర్మమే. కాని బొమికలు తేలిన కూలివానివద్ద పొదుపు చేసిన దొరను నేను సమర్థింపజాలను. 1878లో కాలువకు గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు పెట్టిరి. త్రవ్వినవారి పేరు ఒక్కటియు జనుల నోట నిలువలేదు.

ఆ యనుభవమునుండి 1880లో కరువు కమిషను నివేదికయు, 1883లో కరువు నిబంధనలును పుట్టెను. జనులు పడిపోకముందే పని తెరువవలెను, పని చేయలేనివారికి ఊరకయే కూడు పెట్టవలెను అనునది వాని సారము. ధాత కరువునాడు బళ్లారి జిల్లాలో చేరియుండిన అనంతపురము సీమలోనే, బండ్లపల్లె గ్రామమున, 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. కరువు పని దొరగారి దయనుండి చట్టమిచ్చిన హక్కుగా మారుటకు నూటముప్పది యేండ్లు పట్టెను.

కాలువ కథ యింకను కలదు. 1965, 1966 తుపానులకు అది బాగుగా దెబ్బతినెను. పడవలు క్రమముగా తగ్గిపోయెను. పూడికతో, గుఱ్ఱపుడెక్క ఆకుతో నిండి పనికిరానిదని అందరును విడిచిన కాలువ 2004 డిసెంబరు 26న అక్కరకు వచ్చెను. నాటి సునామీ నీరు పెదగంజామునుండి చెన్నపట్నమువరకు దాదాపు 310 కిలోమీటర్లు కాలువలోనికి చొచ్చి, దానిని నింపి, కొన్నిచోట్ల పొర్లి, పది పదునైదు నిమిషములలో వెనుకకు మరలెనని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. తీరమునకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపల సాగిన ఆ పల్లము అలల వేగమును మ్రింగినందున ఆంధ్ర తీరమున ఎందరో మత్స్యకారులు బ్రతికిరి.

అయితే కాలువ తన వెనుకనున్నవారికే రక్ష. మైలాపూరున నొచ్చికుప్పము, శ్రీనివాసపురము కాలువకు తూర్పున, సముద్రపు టొడ్డుననే యున్నవి. ఆ యలలు మొదట వారి గుడిసెలనే కొట్టెను. చెన్నపట్నములో ఆనాడు రెండువందలకు పైగా ప్రాణములు పోయెను.

1997లో తిరుమయిలైకి రైలు వచ్చినది. దాని స్తంభములు కాలువలోనే దిగెను. నీటికి చోటు తగ్గెను. రైలు మనకు సౌకర్యమే, కాదనను. కాని 2015 డిసెంబరులో అడయారు పొంగినపుడు వాననీటికి త్రోవ యెంత అవసరమో నగరమంతయు చూచినది. అటుపై నదుల యొడ్డున, కాలువల యొడ్డున గుడిసెలు వేసికొన్నవారిని పెరుంబాక్కమువంటి దూరపు వాడలకు తరలించిరి. వరదనుండి తప్పించుటకే యనిరి. ఆ వాడలున్నది పళ్లికరణై చిత్తడినేల ప్రక్కన, పల్లములో. పెద్దవాన కురిసిన యేడు అక్కడి వీధులలోను నీరు నిలుచును. కూలికై పట్టణము నడిబొడ్డునకు రావలెనన్న వారు తెల్లవారకముందే బస్సుకు నిలువవలెను. ఈ కాలువలో పూడిక తీయించి, గట్లు పోయించు పని ఆ కుటుంబములవారికే, కడుపు నిండు కూలితో, ఇచ్చియుండరాదా?