బ్రేక్ నుంచి హుక్ దాకా: హిప్‌హాప్ పాట కట్టుబడి వెనక చరిత్ర

పాటలో ఏం చెప్పారన్న దాని మీద మన దగ్గర చర్చ బాగానే జరిగింది. పాటని ఎట్లా కట్టారన్న ప్రశ్న వచ్చేసరికి అది ఛందస్సు చదివిన పండితుల వ్యవహారమని పక్కన పెడుతున్నాం. మా ఇళ్లల్లో విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మొదటి తరం మేం. పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో, వంత ఎప్పుడు అందుకోవాలో పుస్తకం చూడకుండానే తెలిసిన పెద్దల మధ్య పెరిగాం. అందుకే కట్టుబడికీ ఒక సామాజిక చరిత్ర ఉంటుందని మా వాదన. అమెరికాలో హిప్‌హాప్ పాటకి వర్స్, హుక్, బ్రిడ్జి ఎట్లా ఏర్పడ్డాయో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

న్యూయార్క్‌లో 1948లో మొదలైన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్ వే పేదల పేటలని చీల్చుకుంటూ పోయింది. వేలాది కుటుంబాల ఇళ్లు పోయాయి. కలిగినవాళ్లు శివార్లకి తరలిపోయారు. మిగిలింది నల్లవాళ్లు, పోర్టోరికన్లు. ఆ బ్రాంక్స్‌లోనే 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో సిండీ కాంప్‌బెల్ స్కూలు బట్టల డబ్బుల కోసం పార్టీ పెట్టింది. జమైకాలో పుట్టిన ఆమె అన్న క్లైవ్, కూల్ హెర్క్ పేరుతో రికార్డులు వేశాడు.

జనం ఏ చోట ఎక్కువ ఊగిపోతున్నారో హెర్క్ కనిపెట్టాడు. గాయకుడు ఆగిపోయి డ్రమ్ము ముందుకొచ్చే ఆ కొద్ది సెకన్లనే బ్రేక్ అంటారు. ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో బ్రేక్ అయిపోగానే రెండోదానిలో అందుకుని దాన్ని నిమిషాల తరబడి సాగదీశాడు. పాట సందులో పడి ఉన్న ముక్క కొత్త పాటకి పునాది అయింది.

ఆ దరువు మీద మైకు పట్టినవాళ్లు ఎమ్సీలు. మొదట వాళ్ల పని ఆడేవాళ్లని హుషారు చెయ్యడం, వచ్చినవాళ్లని పేరు పెట్టి పిలవడం. పిలుపులు పెరిగి ప్రాసలయ్యాయి, ప్రాసలు పెరిగి వర్స్ అయింది. జనం తిరిగి జవాబు చెప్పేవాళ్లు. బానిసత్వం నాటి పొలాల్లో, నల్లవాళ్ల చర్చీల్లో నిలిచిన సంప్రదాయమే అది. అంటే హుక్ కాగితం మీదకి రాకముందే జనం నోట ఉంది.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ ‘రాపర్స్ డిలైట్’ వచ్చింది. పూర్తి రూపంలో పద్నాలుగు నిమిషాలు దాటుతుంది. పాడే పల్లవంటూ లేదు, ఒకరి తర్వాత ఒకరు ప్రాసలు అందుకోవడమే. అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ చెప్పిన ప్రాసలు చాలావరకు గ్రాండ్‌మాస్టర్ కాజ్‌వి. రికార్డు మీద కాజ్ పేరు లేదు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పేరుతో వచ్చిన ‘ద మెసేజ్’ దారి మార్చింది. డ్యూక్ బూటీ, మెలీ మెల్ చెప్పిన ఆ పాటలో ప్రతి వర్స్ పేట బతుకులో ఒక దృశ్యం. తిరిగి తిరిగి వచ్చే హుక్ పార్టీ కేక కాదు, ఊపిరాడని మనిషి మాట.

రేడియో, రికార్డు కంపెనీల అవసరాలు పాటని కుదించాయి. నాలుగు దెబ్బలు ఒక బార్. పదహారు బార్లు ఒక వర్స్, ఎనిమిది బార్లు హుక్ అన్నది వాడుకైంది. బ్రిడ్జి మాత్రం అంత తేలిగ్గా ఇమడలేదు. బాణీ మారితేనే బ్రిడ్జి. హిప్‌హాప్‌లోనేమో అదే ముక్క తిరుగుతుంటుంది. అందుకని రెండో హుక్ తర్వాత డ్రమ్ము తీసేసి, గొంతు మార్చి, నాలుగో ఎనిమిదో బార్లు నడిపి మళ్లీ దరువు దింపుతారు. విన్నవాడికి దరువు విలువ తెలిసొచ్చేది అది ఆగినప్పుడే.

ఆ దరువు ఎవరిది? జేమ్స్ బ్రౌన్ 1970 నాటి ‘ఫంకీ డ్రమ్మర్’లో బ్రేక్ వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. పబ్లిక్ ఎనిమీ 1989 నాటి ‘ఫైట్ ద పవర్’తో సహా ఎన్నో పాటల్లో అదే మోగింది. పాట రాసినట్టు పేరు జేమ్స్ బ్రౌన్‌ది. 2017లో చనిపోయిన స్టబుల్‌ఫీల్డ్‌కి రాయల్టీ హక్కు దక్కలేదు. శాంపిల్ వాడాలంటే అనుమతి తప్పదని 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ తర్వాత కూడా డబ్బు హక్కుదారుకే పోయింది గానీ డ్రమ్ము కొట్టిన చేతులకి కాదు. మాటనీ బాణీనీ సృష్టి అని, దరువుని ఒట్టి కూలి అని లెక్కగట్టే చూపు ఇది. డప్పు కొట్టిన కులాలకి ఈ చూపు కొత్త కాదు. బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టారు. 2018లో మద్రాసులో కాస్ట్‌లెస్ కలెక్టివ్ గానా పాటనీ ర్యాప్‌నీ ఒకే వేదిక ఎక్కించింది. పోలిక చూసింది మేమొక్కళ్లమే కాదు.

2015లో కెండ్రిక్ లమార్ ‘ఆల్‌రైట్’ పాట హుక్‌ని క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి ఉద్యమకారులు వీధిలో ఎత్తుకున్నారు. వర్స్ ఒక మనిషి సాక్ష్యం. హుక్ అందరి సొత్తు. బ్రాంక్స్‌లో జనం నోట పుట్టింది రికార్డెక్కి, అమ్ముడుపోయి, మళ్లీ జనం నోటికే చేరింది.

మన పల్లెల్లో పాటలు సేకరించే విద్యార్థులకి మేం చెప్పేదొకటే. పాట కట్టినవాళ్ల పేరొక్కటే రాసుకుని రావద్దు. వంత ఎవరందుకున్నారు, దరువెవరు వేశారు, ఎక్కడ ఆపారు, ఎందుకాపారు అన్నవి కూడా రాసుకోండి. ఆ పేర్లు లేకపోతే రేపు మనం రాసే చరిత్ర కూడా కాజ్ పేరు లేని రికార్డులాంటిదే అవుతుంది.