అక్బర్ ఎవరి కొడుకు?

మా ఇళ్లల్లో ఒక సినిమా పంచాయితీ యాభై ఏళ్లు కావస్తున్నా తెగలేదు. 1977 మే నెలలో విడుదలైన హిందీ సినిమా 'అమర్ అక్బర్ ఆంథోనీ' అది. మన్‌మోహన్ దేశాయ్ తీసిన ఆ సినిమాలో వినోద్ ఖన్నా, రిషి కపూర్, అమితాబ్ బచ్చన్ ముగ్గురు దోస్తులు. కలిసి తన్నులాడతారు, నవ్విస్తారు, పాడతారు, చివరికి ఒక తల్లి బిడ్డలమని తెలుసుకుని కావలించుకుంటారు. ఆ పేరెత్తితే మాలో కొందరి మొహాలు వెలిగిపోతాయి. కొందరు 'మనల్ని బుజ్జగించడానికి తీసిన సినిమా' అని తీసిపారేస్తారు. నవ్వుకోడానికి తీసినదాని మీద ఇంత రగడ ఎందుకని బయటివాళ్లకు అనిపించొచ్చు. కాని ఆ మూడు పేర్లలో ఒకటి మాది. ఈ దేశంలో మా చోటు ఎక్కడో ఆ సినిమా ఆడుతూ పాడుతూ చెప్పేసింది.

కథ అందరికీ తెలిసిందే. కిషన్‌లాల్ అనే డ్రైవరు యజమాని చేసిన నేరాన్ని నెత్తిన వేసుకుని జైలుకు పోతాడు. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఆకలి, భార్యకు క్షయ. ఆగస్టు 15న ముగ్గురు పిల్లలు ఒక పార్కులో గాంధీ విగ్రహం కింద తలో దిక్కయిపోతారు. పెద్దవాడు హిందూ పోలీసు అధికారి ఇంట్లో అమర్‌గా పెరిగి ఇన్‌స్పెక్టరవుతాడు. ఒకణ్ణి చర్చి ఫాదర్ సాకుతాడు, వాడు నాటుసారా కొట్టు నడిపే ఆంథోనీ అవుతాడు. ఇంకొకణ్ణి ముస్లిం దర్జీ ఒకాయన ఎత్తుకుపోయి పెంచుతాడు. వాడు కవ్వాలీలు పాడే అక్బర్ ఇలాహాబాదీ. పెద్దయ్యాక ముగ్గురూ ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పడుకుని, కన్నతల్లి అని తెలియకుండానే ఆమెకు నెత్తురిస్తారు. మూడు గొట్టాల నెత్తురు ఒక సీసాలో కలిసి ఆమె ఒంట్లోకి పోతుంది. వైద్యం తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ దృశ్యం చూసి నవ్వుతారు. సినిమా చెప్పదలచుకున్నదంతా ఆ సీసాలోనే ఉంది.

ఆ సినిమా ఏ కాలంలో వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1975 జూన్‌లో పెట్టిన ఎమర్జెన్సీ 1977 మార్చిలో ఎత్తేశారు. 1976లో ఢిల్లీ తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, అడ్డం వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిపారు. ఉత్తరాదిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు బెదిరి మావాళ్లు ఊళ్లు విడిచి చేలల్లో పడుకున్నారు. ఆ భయం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న జనం ముందుకు అక్బర్ వచ్చాడు. రంగురంగుల బట్టలేసుకుని, ఎవరికీ జంకకుండా, తన పేరు తానే పాటలో చెప్పుకుంటూ వచ్చాడు. అంతకుముందు హిందీ సినిమాల్లో మేము లేకపోలేదు. నవాబులుగా, తవాయిఫ్‌లుగా, లేదంటే హీరో కోసం ప్రాణాలిచ్చే నమ్మకమైన ఖాన్‌సాబులుగా ఉన్నాం. అక్బర్ ఎవరి కోసమూ చావడు. ప్రేమిస్తాడు, అల్లరి చేస్తాడు, తంతాడు, గెలుస్తాడు. సినిమాను ఇష్టపడే మా పెద్దల మాట ఇదే. 'హాల్లో వందమంది మధ్య కూచుని మన పేరున్న హీరోకి ఈల వేశాం. పక్కనున్న హిందువు కూడా వేశాడు. అది తక్కువ మాటా?' అని అడుగుతారు.

మా ఆడవాళ్లు ఇంకో సంగతి చెబుతారు. నీతూ సింగ్ వేసిన సల్మా డాక్టరు. బురఖా వేసుకుంటుంది, ఆసుపత్రిలో తెల్లకోటూ వేసుకుంటుంది. రెండింటికీ పొత్తు కుదరదని సినిమా ఎక్కడా పాఠం చెప్పలేదు. కాని అదే సినిమాలో అక్బర్ నిండు సభలో ఆమె పరదా తీయించేదాకా కవ్వాలీ పాడతాడు. అది సరసమా, జులుమా అన్న దగ్గర మా అక్కాచెల్లెళ్ల మధ్యే రెండు అభిప్రాయాలున్నాయి. అసలు అక్బర్ ఇలాహాబాదీ బ్రిటిష్ కాలంలో జడ్జీ పని చేసిన ఉర్దూ కవి. పరదా మీద, దొరల చదువుల మీద వ్యంగ్యంగా రాసి పేరుపొందినవాడు. ఆ పేరును ఎగిరి గంతులేసే కుర్రాడికి పెట్టి పరదా కవ్వాలీ పాడించడం ఉర్దూ తెలిసినవాళ్లకే అందే చమత్కారం. ఈ సినిమాకు మాటలు రాసింది ఖాదర్ ఖాన్. కాబూల్‌లో పుట్టి, బొంబాయి కామాఠీపురాలో పేదరికంలో పెరిగి, ఇంజనీరింగు పాఠాలు చెప్పిన మనిషి. కవ్వాలీకి గొంతునిచ్చింది మహమ్మద్ రఫీ. అంటే తెర మీది ముస్లింను కపూర్ల అబ్బాయి వేస్తే, తెర వెనక మాట, గొంతు మావాళ్లవి.

ఇక కోపగించుకునేవాళ్ల మాట. ముగ్గురూ పుట్టుకతో హిందువులే కదా అంటారు వాళ్లు. అక్బర్ హీరో కావాలంటే ముందు కిషన్‌లాల్ కొడుకు కావాల్సి వచ్చింది. తల్లి పేరు భారతి. ఆమె ఒంట్లో పారేది తన పిల్లల నెత్తురే. మేము ఈ దేశం బిడ్డలమని ఒప్పుకోవడానికి మా నెత్తురు మొదట హిందువుదని రుజువు కావాలా? 'మీ తాతముత్తాతలు హిందువులేగా' అని మమ్మల్ని పలకరించేవాళ్లకూ, ఈ కథకూ తేడా ఏముంది? పైగా ముగ్గురికీ పంచిన పనులు చూడండి. లాఠీ, తుపాకీ పెద్దవాడికి. సారా కొట్టు క్రైస్తవుడికి. పాట, పాన్‌దాన్, జరీ చొక్కా మాకు. పెళ్లిళ్ల దగ్గరికొచ్చేసరికి అమర్‌కు లక్ష్మి, ఆంథోనీకి జెన్నీ, అక్బర్‌కు సల్మా. నెత్తురు కలిసింది గాని కంచాలు కలవలేదు.

దీన్‌లో నిష్ఠగా ఉండేవాళ్లకు ఇంకో అభ్యంతరముంది. అక్బర్ షిర్డీ సాయిబాబా గుళ్లో పాడతాడు, విగ్రహం కళ్లలోంచి జ్యోతులొచ్చి గుడ్డిదైపోయిన తల్లికి చూపొస్తుంది. విగ్రహం ముందు పాడటం షిర్క్ కాదా అని వాళ్లడుగుతారు. సాయి ఉన్నది పాడుబడ్డ మజీదులో, ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట 'అల్లా మాలిక్' అని దర్గాలకు పోయే మావాళ్లు జవాబిస్తారు. నెల్లూరు బారాషహీద్ దర్గా చెరువులో రొట్టెలు మార్చుకునే ఆడవాళ్లలో, పల్లెల్లో పీర్లనెత్తుకునే మగవాళ్లలో హిందువులెంతమందో మాకు తెలుసు. ఆ కలయికకు నెత్తురు పరీక్ష ఎవరూ అడగలేదు.

1980లో విజయనిర్మల దర్శకత్వంలో ఇదే కథ తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీమ్'గా వచ్చింది. కృష్ణ, రజనీకాంత్, చంద్రమోహన్ నటించారు. అంతకు రెండేళ్ల ముందు తమిళంలో 'శంకర్ సలీం సైమన్' అయింది. 1982లో మలయాళంలో 'జాన్ జాఫర్ జనార్దనన్' అయింది. పేర్ల వరస చూడండి. హిందీలో, తమిళంలో మేము రెండోవాళ్లం. తెలుగులో చివరివాళ్లం. కేరళలో మాత్రం క్రైస్తవుడు ముందుండి హిందువు చివరికి జరిగాడు. పేరులో ఏముందని అనుకోవచ్చు. కాని తెలుగు సినిమాలో మా పేరు ఎప్పుడూ వెనకే ఉంది. తెలుగు పలకడం రాని సాయిబుగా, నవ్వించడానికి లుంగీ కట్టిన వేషంగా మమ్మల్ని చూపించారు. ఈ మట్టిలో పుట్టి, తెలుగులో చదివి, తెలుగులో ఏడ్చి, తెలుగులో రాస్తున్న మాకు ఆ వచ్చీరాని మాటలు అంటగట్టారు. దాని పక్కన రహీమ్ మేలే అనిపించాడు మా పిల్లలకు.

అయితే తెర మీద అమర్ ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణి కావలించుకున్న మరుసటి ఏడే హైదరాబాద్‌లో ఏం జరిగింది? 1978 మార్చి ఆఖరులో రమీజాబీ, రిక్షా తొక్కి బతికే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రాత్రి సినిమా చూసి ఇంటికి వస్తున్నారు. పోలీసులు ఆమెను నల్లకుంట స్టేషనుకు పట్టుకుపోయారు. ఆమెను చెరిచారు. అడిగిన భర్తను కొడితే చచ్చిపోయాడు. ఊరు భగ్గుమంది, కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ ఇద్దరూ వస్తున్నది కూడా సినిమా చూసే. హాల్లోపల పోలీసు మాకు అన్న. హాలు బయట పోలీసు ఎవరు? సినిమా మీద మా పంచాయితీ ఎందుకు తెగలేదో ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

1990 డిసెంబరు హైదరాబాద్ అల్లర్లు, 1992 డిసెంబరు 6 తర్వాత అక్బర్ వంటి కుర్రాళ్లు తెర మీద అరుదైపోయారు. అదే 1992లో 'రోజా' వచ్చింది. తుపాకీ పట్టుకుని నమాజు చేసే మనిషి మా మొహంతో కనబడటం మొదలైంది. అప్పుడు మావాళ్లు చాలామంది పాత సినిమాను మళ్లీ ప్రేమించారు. 'అక్బర్ అబద్ధమే కావచ్చు, మంచి అబద్ధం' అన్నారు. ఇంకొందరు ఒప్పుకోలేదు. ఒకే నెత్తురని పాడినన్నాళ్లూ యూనిఫాం ఎవరికుందని ఎవరూ అడగలేదన్నారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఆ లెక్క చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో మేము 13.4 శాతం, ఐపీఎస్ అధికారుల్లో 4 శాతం. లాఠీ అమర్‌కు, కవ్వాలీ అక్బర్‌కు అన్న పంపకం సినిమా వాళ్లు గాలిలోంచి తేలేదు.

ఇరువైపుల మాటల్లోనూ నిజముంది. కాని ఇద్దరూ ఒకాయనను మరిచిపోయారని మాకనిపిస్తుంది. ఆయన ఆ దర్జీ. పార్కులో ఏడుస్తున్న పిల్లవాడిని చూసి ఎవరి నెత్తురని అడగలేదు. ఏ కులమని అడగలేదు. కుట్టుమిషను తొక్కి సంపాదించిన దాంట్లోంచి ఇరవై రెండేళ్లు అన్నం పెట్టాడు. యతీమును సాకడం మా దీన్‌లో పెద్ద సవాబు. ఆయన పేరు మాలోనే చాలామందికి గుర్తుండదు. తండ్రి దొరికాడు, తల్లి దొరికింది అని హాలంతా చప్పట్లు కొడుతున్నప్పుడు పెంచిన తండ్రి సంగతి ఎవరికీ గుర్తురాదు.

అక్బర్ మాత్రం ఒక పని చేశాడు. అసలు పుట్టుక తెలిశాక కూడా పేరు మార్చుకోలేదు. కన్నతల్లి కూడా మార్చుకొమ్మనలేదు. చివరి పాటలో అక్బర్‌గానే పాడి సల్మాతోనే పోయాడు. 'అసలింటికి తిరిగి రండి' అని మా మీద కేకలు వేసేవాళ్లకు ఆ సినిమా ఇచ్చిన జవాబు అది. తీసినవాళ్లు అనుకుని ఇచ్చారా, అనుకోకుండా ఇచ్చారా అన్నది మాకు ముఖ్యం కాదు.

కాబట్టి మా పిల్లలు ఆ సినిమా చూస్తామంటే చూడనిస్తాం. మేమూ పక్కన కూచుని నవ్వుతాం. కాని అక్బర్ ఎవరి కొడుకని అడిగితే దర్జీ కొడుకని చెబుతాం. కిషన్‌లాల్ ఇంట్లో పుట్టకపోయినా వాడు ఈ దేశపు మనిషేనని చెబుతాం. దర్జీకే పుట్టిన కొడుకు ఇన్‌స్పెక్టరయ్యే కథ, ఆసుపత్రిలో ఏ చుట్టరికమూ లేని తల్లికి నెత్తురిచ్చి ఇంటికి పోయే కథ ఇంకా తెర మీదికి రావాల్సే ఉంది. నిజానికి అలా నెత్తురిచ్చి వచ్చినవాళ్లు మా గల్లీల్లో ఎందరో ఉన్నారు. వాళ్ల కథ మేమే రాసుకోవాలి.