గాలి తాగే మోటారు

పొద్దున ఆరు. రాచర్లలో రోడ్డు పక్క వేపచెట్టు కింద మా వ్యాను నిలబెట్టి ఉంది. నోటినిండా పళ్లపొడి నురగతో అమ్మ తొట్టి దగ్గరికి వచ్చి కుళాయి తిప్పుతుంది. సీటు కింద మోటారు గర్రుమంటుంది. కుళాయి రెండుసార్లు దగ్గి, నాలుగు చుక్కలు ఉమ్మి ఊరుకుంటుంది. మోటారు మాత్రం ఊరుకోదు, తిరుగుతూనే ఉంది. నీళ్లేవని అమ్మ చేత్తోనే అడుగుతుంది.

టార్చి వేసి చూస్తాను. ట్యాంకులో సగానికి నీళ్లున్నాయి. మోటారు తిరుగుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే. నీళ్లున్నాయి, కరెంటుంది, కుళాయిలో మాత్రం గాలి.

వ్యానులో కాపురం పెట్టినవాడికి నీళ్ల దారి మొత్తం ఆరడుగుల్లో ముగుస్తుంది. వెనక సీటు కింద 100 లీటర్ల ట్యాంకు. దాన్నుంచి వేలెడు లావు గొట్టం జానెడు పైకెక్కి, చిన్న పారదర్శకపు గిన్నెలోకి దిగుతుంది. ఆ గిన్నెలో జల్లెడ. జల్లెడ దాటితే 12 వోల్టుల మోటారు, మోటారు దాటితే కుళాయి. కుళాయి విప్పగానే లైన్లో ఒత్తిడి పడిపోయి ప్రెషర్ స్విచ్ కలుస్తుంది, మోటారు తిరుగుతుంది. కట్టేస్తే ఒత్తిడి పెరిగి స్విచ్ విడిపోతుంది, మోటారు ఆగుతుంది. ఇంతే సంగతి. ఇంత చిన్న దారిలో నీళ్లు ఎక్కడ తప్పిపోయాయో నాకు అంతుపట్టడం లేదు.

అమ్మ టీ కొట్టు దగ్గర నోరు కడుక్కుని వస్తుంది. ఈ రోజు శనివారం. నెమలిగుండ్ల రంగనాయకస్వామి దర్శనానికే ఇంత దూరం వచ్చాం. స్నానం చేయకుండా గుడికి రానంటుంది.

"స్ప్రేయర్లు బాగుచేసే షాపుంది, ఆడికి పోండి," అంటాడు టీ కొట్టాయన.

మందు కొట్టే స్ప్రేయర్లకీ మా కుళాయికీ ఏం సంబంధమో తెలియక, వేరే దారి లేక వెళతాను.

శ్రావణమాసం కదా, పత్తికి మందు కొట్టే రోజులు. షాపు ముందు నీలం, పచ్చ రంగుల 16 లీటర్ల ట్యాంకులు వీపు పట్టీలు వేలాడేసుకుని వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మెడకు ఒక్కో చీటీ. పురుగుమందు వాసన ముక్కుపుటాలకు అంటుకుంటోంది. నలభై ఏళ్ల మనిషి ఒక స్ప్రేయర్‌ను బోర్లించి అడుగు మూత విప్పుతున్నాడు. లోపల బ్యాటరీ, దాని పక్కన పిడికిలంత నల్ల మోటారు, రెండు వైర్లు, తల మీద చిన్న స్విచ్. వంగి చూస్తాను. మా సీటు కింద ఉన్నదానికి తమ్ముడిలా ఉంది.

నా కథంతా విని ఒకే ప్రశ్న వేస్తాడు. "నీళ్లు గుంజట్లేదా, గుంజి వదలట్లేదా?"

నా దగ్గర జవాబు లేదు. స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని వెంట వస్తాడు.

వ్యాను ఎక్కాక దేనికీ చెయ్యి పెట్టడు. కుళాయి విప్పించి, కళ్లు మూసుకుని వింటాడు. "మోటారు మంచిదే సార్. నీళ్లు గుంజేటప్పుడు దాని గొంతు బరువుగా ఉంటాది. ఇది ఒట్టిగా తిరుగుతాంది. గాలి తాగుతాంది."

మోటారు ముందర గొట్టం ఊడదీసి, అక్కడ మూరెడు ముక్క తగిలించి, రెండో కొన అమ్మ తెచ్చిన నీళ్ల బకెట్లో ముంచుతాడు. స్విచ్ వేస్తాను. గొంతు మారుతుంది. మూడు లెక్కపెట్టేలోగా కుళాయిలోంచి నీళ్లు ధారగా దూకుతాయి. మోటారు నిర్దోషి. జబ్బు ఉంటే ట్యాంకుకీ మోటారుకీ మధ్యనే ఉండాలి.

గొట్టం పొడవునా వేళ్లతో తడుముతాను. తడి లేదు, చెమ్మ లేదు. "ఎక్కడా కారడం లేదే?"

"గుంజే వైపు కారదు సార్. తోసే వైపు కంత పడితే నీళ్లు బయటికొస్తాయి. గుంజే వైపు కంత పడితే గాలి లోపలికి పోతాది. చుక్క కనపడదు."

పొద్దున్నుంచీ నేను తడి కోసం వెతుకుతున్నాను. ఆ జబ్బుకు తడే ఉండదట.

జల్లెడ గిన్నె మర విప్పుతాడు. అడుగున తెల్లటి ఉప్పు పెచ్చులు, కాస్త బురద. గిన్నె అంచున ఉండాల్సిన రబ్బరు ఉంగరం అణిగి బల్లపరుపైపోయింది. గోటితో వంచితే వెంట్రుక మందాన చీలిక. "ఇదీ దొంగ."

షాపులో పాత స్ప్రేయర్ల రబ్బర్లు డబ్బాడు ఉన్నాయి. వాటి జోలికి పోడు. సీలు విప్పని పొట్లం తెస్తాడు, సబ్బు అడిగి చేతులు రెండుసార్లు రుద్దుకుంటాడు. "మందు తగిలిన వాచరు తాగే నీళ్లకాడ పెట్టగూడదు." మొదటి ఉంగరం సన్నమైంది, గిన్నె వదులుగా తిరుగుతుంది. రెండోది సరిగ్గా కూర్చుంటుంది. జల్లెడ కడిగి బిగిస్తాడు. మోటారు పది సెకన్లు దగ్గుతుంది, తర్వాత గొంతు బరువెక్కుతుంది. కుళాయి పారుతుంది.

నేను పర్సు తీస్తాను. ఆయన చెయ్యి అడ్డం పెడతాడు. "ఉండండి."

కుళాయిలన్నీ కట్టేసి మెట్టు మీద కూర్చుంటాడు. ఎవరం మాట్లాడం. నిమిషం గడిచాక, ఎవరూ ముట్టుకోకుండానే మోటారు గుర్రుమని ఆగుతుంది. ఇంకో నిమిషానికి మళ్లీ. "ఇంకోడు ఉన్నాడు."

ఈసారి తోసే వైపు. పొడి కాగితం చుట్టి ఒక్కో అతుకూ చూస్తాడు. కాగితం తడవదు. బయట కారకుండా ఒత్తిడి పడిపోతోందంటే నీళ్లు మోటారు గుండానే వెనక్కి జారుతున్నాయి. తల మీది నాలుగు స్క్రూలు విప్పుతాడు. లోపల నల్ల రబ్బరు డయాఫ్రం, దాని పైన పల్చటి వాల్వు. ఆ రబ్బరు రెక్క కింద నువ్వుగింజంత ఉప్పు పెచ్చు ఇరుక్కుని ఉంది. వాల్వు పూర్తిగా మూసుకోదు, నీళ్లు జారతాయి, స్విచ్ కలుస్తుంది, మోటారు ఉలిక్కిపడుతుంది. చీలిన ఉంగరం ఒకరోజు బయటపడేదే. ఇది మాత్రం రోజూ ఇంత బ్యాటరీ తినేస్తూ ఎప్పటికీ దొరికేది కాదు. పాత టూత్‌బ్రష్‌తో తుడిచి మళ్లీ బిగించి, మళ్లీ మెట్టు మీద కూర్చుంటాడు. ఐదు నిమిషాలు. నిశ్శబ్దం. అప్పుడు లేస్తాడు.

"ఏ నీళ్లు పోసినారు?"

దారిలో ఎక్కడో బోరు నీళ్లు. ఆయన ఆశ్చర్యపోడు. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు బోరు నీళ్లంటే ఉప్పు, చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేనిచోట గరిష్ఠం 1.5. ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు. శ్రీశైలం నుంచి నల్లమల కింద సొరంగాల గుండా కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఇక్కడివాళ్లు ఏళ్లుగా చూస్తున్నది ఇందుకే. "తాగడానికి ప్లాంటు క్యాన్ పెట్టుకోండి, ఈ ట్యాంకు కడుక్కోడానికే. కుళాయి మూతి విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానేయండి, పెచ్చులు కరుగుతాయి."

గిన్నె విప్పినప్పుడు చూసిన బురద నాకు గుర్తొస్తుంది. పాత నీళ్లు వదిలేసి ట్యాంకు నింపుతాం. 100 లీటర్లకు 20 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. నేరుగా పోస్తే అందులోని సున్నం పోయి మళ్లీ జల్లెడలోనే కూర్చుంటుంది. అందుకని బకెట్లో కలిపి, తెల్లటిదంతా అడుక్కి దిగాక పైతేట మాత్రమే వంచుతాను. ప్రతి కుళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా విప్పి కట్టేస్తాం. ఇక నాలుగు గంటలు దాన్ని అలా వదిలేయాలి. తర్వాత ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.

"ఎంతన్నా?"

"వాచర్లు ఇరవై. కూలి మీ ఇష్టం." ఇచ్చింది లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, చీటీలు కట్టిన ట్యాంకుల దగ్గరికి వెళ్లిపోతాడు.

నాలుగు గంటలు వ్యాను కదలదు కాబట్టి ఆటో మాట్లాడుకుంటాం. అమ్మ టీ కొట్టు వెనక రెండు బకెట్ల నీళ్లతో స్నానం కానిచ్చింది. నల్లమల వైపు దారి. ముందర కొండలు నీలంగా ఉన్నాయి. వాటిలోంచి వచ్చే గుండ్లకమ్మ నదే, రాత్రి మేం దాటొచ్చిన కంభం చెరువుకు నీళ్లిచ్చేది.

గుడికి వెళ్లే జేపీ చెరువు దారిలో ఆటో ఒక పత్తిచేను పక్కన ఆగుతుంది. డ్రైవరుకు ఫోను. చేలో ఒకాయన మూతికి తువ్వాలు కట్టుకుని సాలు వెంట నడుస్తున్నాడు. వీపు మీది ట్యాంకులోంచి సన్నగా, బరువుగా ఒక గర్రు. అమ్మ చెవి అటు పెడుతుంది. సాలు చివర ఆయన మీట వదులుతాడు. గర్రు ఆగిపోతుంది. అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి ఇంకాసేపు వింటుంది.

"వాల్వు బాగుందిరా," అంటుంది.