ఇనుగుర్తి నుంచి ఒక వారపత్రిక

నిజాం కాలంలో తెలుగు పత్రికల మాట వస్తే మనలో చాలామందికి గుర్తొచ్చేది గోలకొండ పత్రిక. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926 మే 10న హైదరాబాదులో మొదలుపెట్టారు. అయితే అంతకు దాదాపు నాలుగేళ్ళ ముందే తెలంగాణలో రెండు తెలుగు వారపత్రికలు వచ్చాయి, అదీ మూడు రోజుల తేడాతో. 1922 ఆగస్టు 24న నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారి 'నీలగిరి', 27న ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల 'తెనుగు'.

నల్గొండ సరే, జిల్లా కేంద్రం. మరి ఇనుగుర్తి? అదొక పల్లెటూరు, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పట్లో ఓరుగల్లు జిల్లా. మా ఖమ్మం కూడా 1953 దాకా ఓరుగల్లు జిల్లాలోనిదే, కాబట్టి ఇది మా ఇంటి కథ అని కూడా చెప్పుకోవచ్చు :)

ఆ రోజుల్ని ఒక్కసారి ఊహించుకోండి. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీలోనూ ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే జనం గేలి చేశారు. ఆ అవమానం లోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఈ రెండు పత్రికలూ వచ్చాయి.

ఇంకో సంగతి. అప్పుడు గోదావరికి ఇవతల పాల్వంచ నిజాంది, అవతల భద్రాచలం ఇంగ్లీషు వాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీది. ఆ ఏజెన్సీ అడవుల్లోనే తూర్పున అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశాడు. అంటే అదే వారం! ఒకదానికొకటి సంబంధం ఉందని నేననను. కానీ ఏటికి అటు తుపాకులు, ఇటు సీసపు అక్షరాలు... రెండూ మనవాళ్ళ చేతుల్లోకి వచ్చిన వారం అది.

ఇక అసలు పని. అన్న సీతారామచంద్రరావు గారు, తమ్ముడు రాఘవరంగారావు గారు. రాయడం, దిద్దడం, కంపోజింగు, అచ్చు, అన్నీ వాళ్ళే. మనం ఇప్పుడు 'క్ష్మి' అని టైపు చేస్తే కంప్యూటరే ఒత్తులూ గుణింతాలూ అతికిస్తుంది. అప్పుడు ఒక్కో ముక్కా చేత్తో ఏరి, తిరగేసి పేర్చాలి. అచ్చయ్యాక మళ్ళీ విడదీసి గళ్ళలో సర్దాలి. వారం తిరిగేసరికి ఇంకో సంచిక. మనం నెలకో రిలీజుకే ఆపసోపాలు పడతాం!

అమెరికాలో కార్ల రేసుల కోసమే ఒక వారపత్రిక ఉండేది, 'నేషనల్ స్పీడ్ స్పోర్ట్ న్యూస్' అని. 1934లో న్యూజెర్సీలో మొదలై 2011 దాకా అచ్చయింది, దాదాపు 77 ఏళ్ళు. వారం వారం రేసు ఉంటుంది, కొనే అభిమాని ఉంటాడు, ప్రకటనలిచ్చే కంపెనీ ఉంటుంది. 'తెనుగు'కి వీటిలో ఏదీ లేదు. చదువుకున్నవాళ్ళే తక్కువ, చదివినవాళ్ళకి ఉర్దూ. అయినా దాదాపు అయిదేళ్ళు నడిచింది. పాఠకుల కోసం పత్రిక పెట్టడం వేరు, పత్రిక పెట్టి పాఠకుల్ని తయారుచేసుకోవడం వేరు. ఒద్దిరాజు వారు చేసింది రెండోది.

కాబట్టి అయిదేళ్ళకి ఆగిపోయింది కదా అని దాన్ని ఫెయిల్యూరు అనడానికి నాకు మనసొప్పదు. 1934లో ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి "ఇక్కడ తెలుగు లేదు" అన్నవాళ్ళ నోరు మూయించారు. ఆ దారిలో ముళ్ళకంపలు ముందే కొట్టినవాళ్ళల్లో ఇనుగుర్తి అన్నదమ్ములున్నారు.

చివరగా ఒక మనవి. మీది ఖమ్మమో, మానుకోటో, ఇల్లెందో అయితే, ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు అటక మీద ఒకసారి చూడండి. పాత పత్రికలేమైనా కనిపిస్తే చెదలకి వదిలేయకండి, పాత పేపర్ల వాడికి అసలే వెయ్యకండి. స్కాన్ చేయండి. వాళ్ళు పడ్డ కష్టంతో పోలిస్తే, మన వంతు పని ఓ గంట.